అలలకు తగిలిన శబ్దం

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో కూర్చున్నవాళ్లలో చాలామంది బోటు మీద ఎకో సౌండర్ వాడినవాళ్లే. అది కిందికి శబ్దం పంపి, అడుగుకు తగిలి తిరిగొచ్చే చప్పుడును బట్టి లోతు చెబుతుంది. నేను చేసే పని దానికి తలకిందులు. శబ్దాన్ని పైకి పంపి, అలలకు తగిలి ఎలా చెదురుతుందో కొలుస్తాను.

నీటిలోంచి పైకి వెళ్లిన శబ్దం గాల్లోకి దాదాపు పోదు, తిరిగి నీటిలోకే వస్తుంది. నీరు నిలకడగా ఉంటే అద్దం మీది వెలుగులా ఒకే దిక్కుకి వస్తుంది. అలలుంటే చెదురుతుంది. ఎంత చెదురుతుందో అల ఎత్తు ఒక్కటే తేల్చదు. నీటిలో శబ్దం వేగం సెకనుకు సుమారు 1500 మీటర్లు. 150 హెర్ట్జ్ శబ్దం తరంగదైర్ఘ్యం 10 మీటర్లు, 15 కిలోహెర్ట్జ్‌కి 10 సెంటీమీటర్లు. జానెడు అల మొదటిదానికి ఉన్నా లేనట్టే. రెండోదానికి అదే అల కొండలూ లోయలూ.

ఇక కొలత. కాకినాడ అఖాతం లోపల లోతు తక్కువ కాబట్టి పైనుంచి వచ్చే చప్పుడూ అడుగు నుంచి వచ్చేదీ కలిసిపోతాయి. అందుకే 30 మీటర్ల నీళ్లలోకి వెళ్లాలి. 10 మీటర్ల లోతున శబ్దం పంపే పరికరం దించి, 40 మీటర్ల దూరంలో అదే లోతున హైడ్రోఫోన్, అంటే నీటి మైకు పెడదాం. నేరుగా వచ్చే శబ్దం 27 మిల్లీసెకన్లకు చేరుతుంది, అలను తాకినది 30కి, అడుగును తాకినది 38కి. పంపే చప్పుడు 2 మిల్లీసెకన్లు దాటకపోతే మూడూ విడివిడిగా దొరుకుతాయి.

ఒక్కసారి పంపితే చాలదు, అల ఊరుకోదు కదా! వందల సార్లు పంపాలి. ఆ తరంగాలను ఉన్నవాటిని ఉన్నట్టే కలిపి సగటు తీస్తే అద్దంలా వచ్చిన భాగం మిగులుతుంది. శక్తుల సగటు తీస్తే మొత్తం వస్తుంది. రెండింటికీ తేడాయే చెదిరిన భాగం.

ఒకసారి నా శబ్దం రికార్డు చక్కగా వచ్చింది గానీ అలలు కొలిచే బాయ్, అంటే నీటి మీద తేలే పరికరం, దాని బ్యాటరీ మధ్యలో అయిపోయింది. ఆ రోజు ఫైళ్లు ఎందుకూ పనికిరాలేదు. ఏ అలకు ఎంత చెదిరిందో తెలియని అంకెను ఎవరికి చూపిస్తాం?

మన దగ్గర ఇంకో సంగతుంది. వరదల కాలంలో గోదావరి పాయలైన గౌతమి, వైనతేయ, వసిష్ఠల మొగల నుంచి, అంటే అవి సముద్రంలో కలిసే చోట్ల నుంచి, ఎర్రనీరు వచ్చి ఉప్పునీటి మీద పరుచుకుంటుంది. కిలో నీటిలో ఉప్పు ఒక గ్రాము తగ్గితే శబ్దం వేగం సెకనుకు ఒక మీటరుకు పైగా తగ్గుతుంది. శబ్దం వేగం తక్కువున్న వైపుకే వంగుతుంది, అంటే ఇక్కడ పైకి. మళ్లీ మళ్లీ అలలకు తగులుతుంది, తగిలిన ప్రతిసారీ కొంత చెదురుతుంది. మొగలో అల విరిగి నురగ లేస్తే ఆ బుడగలు కూడా శబ్దాన్ని మింగేస్తాయి. ఏప్రిల్‌లో కొలిచిన అంకె ఆగస్టుకు పనికిరాదు. వేరే సముద్రంలో కొలిచినది అసలే పనికిరాదు.

ఎర్రనీరు ఆగి నీలం మొదలయ్యే గీత ఏ రోజు ఎక్కడుంటుందో బోటు మీద వెళ్లే మీకు తెలిసినంత నాకు తెలియదు. ఈ వరదల్లో ఆ గీతకు అటొక హైడ్రోఫోన్, ఇటొక హైడ్రోఫోన్ దించాలి. చోటు మీరే చూపించాలి.