రాతిపలకా, సిమెంటు పలకా: ఇంటి కప్పు మార్చే ముందు

అందరికీ నమస్కారం. చిన్నప్పుడు బడికి రాతిపలక పట్టుకెళ్ళినవాళ్ళు ఒకసారి చేతులెత్తండి. రేకుపలక వాళ్ళు? సగానికి సగం ఉన్నారు. నా రాతిపలక కిందపడి రెండు ముక్కలయ్యాక మా నాన్న రేకుపలక కొనిచ్చారు. అది పగల్లేదు. కానీ ఆరు నెలలకే నల్లరంగు గీసుకుపోయి బలపం పడటం మానేసింది. ఇవాళ నేను చెప్పేది దాదాపు ఈ కథే, కాకపోతే పలక మీ నెత్తిమీద ఉంటుంది.

మాంచెస్టర్‌లో మనవాళ్ళు కొంటున్న విక్టోరియా కాలం నాటి వరస ఇళ్ళలో చాలావాటి కప్పు వేల్స్ రాతిపలకే. బెథెస్డా దగ్గరి పెన్రిన్, లాన్‌బెరిస్ దగ్గరి డినోర్విక్ లాంటి గనుల నుంచి వచ్చింది. డినోర్విక్ 1969లో మూతపడింది. ఆ గని వర్క్‌షాపుల్లోనే తర్వాత మ్యూజియం పెట్టారు. 2021లో యునెస్కో ఆ గనుల ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పలకల సైజులకి అక్కడ పెట్టుకున్న దొరసానుల బిరుదులు వింటే నవ్వొస్తుంది: 24×12 అంగుళాలది డచెస్, 20×10ది కౌంటెస్, 16×8ది లేడీ. పెన్రిన్ కార్మికులేమో 1900 నుంచి మూడేళ్ళు సమ్మెలో పస్తులున్నారు. రాణివాసం పేర్లన్నీ రాళ్ళకే దక్కాయి.

ఇక అసలు విషయం. కప్పులు వేసే పనివాడు, అదే రూఫర్, వచ్చి కిందినుంచే తల పైకెత్తి చూసి, 'కప్పు అయిపోయిందండీ, మొత్తం మార్చాలి' అంటాడు. అప్పుడు మీరు రాయా, సిమెంటా అని లెక్కలేయడం మొదలెడతారు. అంతకుముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: అయిపోయింది పలకా, మేకులా? నూరేళ్ళు దాటిన కప్పుల్లో చాలాసార్లు రాయి బాగానే ఉంటుంది, ఇనప మేకులే తుప్పుపట్టి తెగుతాయి. ఇక్కడి పనివాళ్ళు దీన్ని 'నెయిల్ సిక్' అంటారు. పలకలు విరక్కుండా ఉన్నవి ఉన్నట్టే కిందికి జారుతుంటే అనుమానం మేకుల మీదే. మంచి పలకలు ఏరి, కొత్త బద్దల మీద రాగి మేకులతో మళ్ళీ కొట్టించవచ్చు. తగ్గినవాటికి పాత సరుకు అమ్మే యార్డులున్నాయి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా, పాత పలకల్ని చెత్త కింద ఊరికే తోలుకుపోనివ్వకండి. వాటికి మంచి ధర ఉంది.

కొత్త రాయే వేయాలంటే వేల్స్‌ది ఖరీదెక్కువ. మార్కెట్లో ఎక్కువగా దొరికేది స్పెయిన్‌ది, అదీ గలీసియా ప్రాంతానిది. స్పెయిన్‌దని చిన్నచూపు వద్దు, ఏ గనిదన్నదే ముఖ్యం. కొన్ని రాళ్ళలో పైరైట్ అనే ఇనప ఖనిజం ఉంటుంది. బంగారంలా మెరిసే చుక్కలు, చూడ్డానికి బాగుంటాయి. అవి తుప్పుపడితే కప్పు మీద గోధుమరంగు చారలు దిగుతాయి, మరీ నాసిదైతే పలకకి చిల్లే పడుతుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 12326 ప్రకారం చేసిన పరీక్ష కాగితం అడిగి, టీ1 అని ఉందో లేదో చూడండి. టీ2 అంటే చారలు, టీ3 అంటే చిల్లుల భయం. టీ3 కూడా చట్టబద్ధంగానే అమ్ముతారు, అదీ తమాషా.

పనివాడు మంచివాడా కాదా అన్నది మొదటిరోజే తెలిసిపోతుంది. రాతిపలకలన్నీ ఒకే మందం ఉండవు. తెలిసినవాడు నేలమీదే మూడు కుప్పలు పోస్తాడు: మందంవి, మధ్యరకం, పల్చనివి. మందంవి కింద చూరు దగ్గర, పల్చనివి పైన. కుప్పలు పోయకుండా నిచ్చెనెక్కాడంటే కాస్త టెన్షన్ పడండి.

సిమెంటు పలక మనకి కొత్తదేమీ కాదు, మన సిమెంటు రేకుకి వరసకి తమ్ముడు. ఆస్ట్రియాకి చెందిన లుడ్విగ్ హాట్‌షెక్ 1901లో పేటెంటు పొందిన పద్ధతే రెండింటికీ మూలం, సిమెంటులో ఆస్బెస్టాస్ పీచు కలపడం. బ్రిటన్ 1999లో, చివరికి మిగిలిన తెల్లరకం ఆస్బెస్టాస్‌నీ నిషేధించింది. ఇప్పుడొచ్చేవాటిలో వేరే పీచు కలుపుతారు. కానీ మీ గ్యారేజీ మీద అంతకుముందు వేసిన సిమెంటు పలకలుంటే కోయొద్దు, డ్రిల్ పెట్టొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదం. కంటితో తేడా తెలీదు, ముక్క పరీక్షకి పంపించాల్సిందే.

మా పాత ఇంట్లో వెనక గదికి నేను సిమెంటు పలకే వేయించాను. చవక, తేలిక, అన్నీ ఒకే కొలత, పని చకచకా అయిపోయింది. మొదటి చలికాలం గాలి వీచిన రాత్రి, పైన ఎవరో పేక కలుపుతున్నట్టు టపటపమని ఒకటే చప్పుడు. నాలుగు మిల్లీమీటర్ల పలక తేలిగ్గా లేస్తుంది. అందుకే కింది అంచుని రాగి రివెట్‌తో బిగించాలి. మావాడు సగం వరసల్లో అది మానేశాడు. రివెట్లు వేయించుకున్నాక చప్పుడు ఆగింది. రంగు మాత్రం పదేళ్ళలో వెలిసి పాచి పట్టింది. రేకుపలక గుర్తొచ్చింది.

నా లెక్క ఇదీ. వీధివైపు కప్పుకి, పక్కిళ్ళన్నీ రాయే ఉన్నచోట, రాయే. కన్జర్వేషన్ ఏరియా, అంటే పాత కట్టడాల రూపు కాపాడే ప్రాంతం, అయితే కౌన్సిల్ కూడా అదే అనొచ్చు, ముందే కనుక్కోండి. పరంజా ఖర్చు, కూలీ ఎలాగూ తప్పవు. వాటితో పోలిస్తే పలక ధరలో తేడా మీరనుకున్నంత పెద్దదిగా కనిపించదు. వెనక షెడ్డుకి, పల్చటి వాసాలున్న చోటికి సిమెంటు పలక చాలు. సిగ్గుపడాల్సిన పనేం లేదు, రివెట్లు మాత్రం లెక్కపెట్టుకోండి. రాతిపొడి, రెసిన్ కలిపి పోసినవీ, ప్లాస్టిక్‌వీ కూడా వస్తున్నాయి. ప్లాస్టిక్‌వి నేను నా ఇంటికైతే వేయను.

ఇదిగో, మూడు ముక్కలు తెచ్చాను. ఒకటి పెన్రిన్‌ది, ఒకటి సిమెంటుది, మూడోది మా మార్కాపురం రాయి, అక్షరాలు దిద్దుకున్నదే. కుండ కొనేటప్పుడు చూస్తామే, అలా వేలి కణుపుతో కొట్టి వినండి. రాయి బాగుంటే ఖంగుమంటుంది, లోపల పగులుంటే మొద్దుగా పలుకుతుంది. అటువైపు వరస నుంచి మొదలుపెట్టండి. అంచు పదునుగా ఉంది, పిల్లల చేతికివ్వకండి.