తడి గాలిలో అయాన్ ఒంటరిగా ఉండదు

స్క్రీన్ మీద ఈ నాలుగు గీతలు చూడండి. 19, 37, 55, 73. ప్రోటాన్లున్న తడి గాలిని మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి, అంటే అయాన్లని (ఆవేశమున్న అణువుల్ని, పరమాణువుల్ని) బరువును బట్టి వేరుచేసి చూపే పరికరంలోకి పంపితే కనిపించేవి ఇవే. గీతకీ గీతకీ తేడా ఎంత? 18. అంటే సరిగ్గా ఒక నీటి అణువు బరువు. 19 దగ్గరున్నది ప్రోటాన్‌ని పట్టుకున్న నీటి అణువు, హైడ్రోనియం. 37 దగ్గర దానికి ఇంకో నీటి అణువు అతుక్కుంది. 55 దగ్గర మరొకటి. అణువులు ఒక్కొక్కటిగా చేరడాన్ని ఇలా లెక్కపెట్టి చూడొచ్చు!

గాలి నిండా నైట్రోజన్ ఉంటే నీరే ఎందుకు చేరింది? నీటి అణువు వంగి ఉంటుంది. ఆక్సిజన్ వైపు కాస్త రుణావేశం, హైడ్రోజన్ల వైపు కాస్త ధనావేశం. నైట్రోజన్‌కి అలాంటి కొసలు లేవు. ఇప్పుడు ఒక సోడియం అయాన్ ఉందనుకోండి. నీటి అణువు గిర్రున తిరుగుతూ వస్తుంది. దూరంగా ఉన్నంతసేపూ ఆ తిరుగుడులో లాగడం, నెట్టడం చాలావరకు చెల్లుకు చెల్లు. దగ్గరికొచ్చాక మాత్రం ఆక్సిజన్ వైపు అయాన్‌కేసి తిరిగి, అలాగే నిలబడిపోతుంది. క్లోరైడ్ లాంటి రుణ అయాన్ అయితే హైడ్రోజన్ ముందుకొస్తుంది.

అయితే అతుక్కోగానే పని అయిపోదు. అప్పుడు పుట్టిన శక్తి ఎటూ పోకపోతే జంట మళ్లీ విడిపోతుంది. మూడో అణువు ఏదో వచ్చి గుద్దుకుని ఆ శక్తిని పట్టుకుపోవాలి. పలచని వాయువులో అయాన్ చుట్టూ నీటి అణువుల గుత్తులు నిదానంగా పెరిగేది అందుకే.

ఆ పట్టు ఎంత గట్టిదో కెనడాలో రసాయన శాస్త్రవేత్త పాల్ కెబార్లె బృందం కొలిచింది. పద్ధతి చాలా అందమైనది: నీటి ఆవిరి పీడనం, ఉష్ణోగ్రత తెలిసిన గదిలో ఏ గీత ఎంత ఎత్తుందో చూడటం, ఉష్ణోగ్రత మార్చి మళ్లీ చూడటం. సోడియం అయాన్‌కి మొదటి నీటి అణువు మోల్‌కి సుమారు 100 కిలోజౌళ్లతో అంటుకుంటుంది. నాలుగోది 58. ఆరోది 45. మామూలు నీటిలోంచి అణువుల్ని ఆవిరి చేయడానికి మోల్‌కి 44 కావాలి. అంటే ఆరో అణువు దగ్గరికి వచ్చేసరికే పట్టు దాదాపు మామూలు నీటిలో ఉన్నంతే! ఈ అంకెల వరుస ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

ఇక పైకి వెళ్దాం. 1965లో నార్సిసి, బెయిలీ అనే శాస్త్రవేత్తలు తమ రాకెట్ కొలతలు ప్రచురించారు. 64 నుంచి 112 కిలోమీటర్ల ఎత్తులో ఏ అయాన్లున్నాయో మాస్ స్పెక్ట్రోమీటర్‌తో చూశారు. పై భాగంలో నైట్రిక్ ఆక్సైడ్, ఆక్సిజన్ అయాన్లు కనిపించాయి. సుమారు 82 కిలోమీటర్ల కిందకి రాగానే 19, 37! సూర్యకాంతికి పుట్టిన నైట్రిక్ ఆక్సైడ్ అయాన్ చుట్టూ మూడు నీటి అణువులు చేరతాయి, నాలుగోది తగిలేసరికి నైట్రస్ ఆమ్లం బయటికి పోయి నీటి గుత్తి మిగులుతుంది. అక్కడి గాలిలో పది లక్షల అణువులకి నీటివి ఏ కొన్నో ఉంటాయి, అంతే.