మిర్చి చేనులో మందు, యార్డులో ధర: ఫీడ్‌బ్యాక్ లూప్ గీయడం ఎలా

నమస్కారం. ఒక పని వల్ల కలిగిన ఫలితం మళ్ళీ ఆ పని మీదే ప్రభావం చూపితే దాన్ని ఫీడ్‌బ్యాక్ లూప్ అంటారు. అలాంటి లూప్‌ను కాగితం మీద గీసి చదవడం ఎలాగో ఈ వీడియోలో గుంటూరు మిర్చితోనే చూద్దాం. రైతు అప్పు తీరడమూ తీరకపోవడమూ చాలాసార్లు ఈ లూపుల మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి ఈ పంటనే ఎంచుకున్నాను.

కాగితం మీద ఎడమవైపు 'పురుగు' అనీ, కుడివైపు 'పిచికారీ' అనీ రాయండి. పురుగు పెరిగితే పిచికారీ పెరుగుతుంది కాబట్టి ఆ బాణం పక్కన ప్లస్ గుర్తు, పిచికారీ పెరిగితే పురుగు తగ్గుతుంది కాబట్టి తిరిగి వచ్చే బాణం పక్కన మైనస్ గుర్తు పెట్టండి. చుట్టు మొత్తంలో మైనస్‌లు బేసి సంఖ్యలో ఉంటే ఆ లూప్ మార్పును అదుపు చేస్తుంది. సరి సంఖ్యలో ఉన్నా, అసలు లేకపోయినా, మొదలైన మార్పును మరింత పెంచుతుంది. ఇక్కడ ఉన్నది ఒకే మైనస్. మందు కొట్టిన మర్నాడు చేనులోకి వెళ్ళిన రైతుకు కనిపించేది ఈ లూపే.

ఇప్పుడు మిర్చి ఆకును తిప్పి అడుగుభాగం చూడండి. పేనుబంకతో పాటు దాన్ని తినే అక్షింతల పురుగులూ, వెంట్రుకంత సన్నని కాడల చివర నిలబడి ఉన్న అల్లిక రెక్కల పురుగు గుడ్లూ కనిపిస్తాయి. అన్ని రకాల పురుగులనూ చంపే మందు వీటినీ వదలదు. అందుకని బొమ్మలో కింద 'మిత్ర పురుగులు' అని చేర్చండి. పిచికారీ నుంచి వాటికి మైనస్, వాటి నుంచి పురుగుకు మైనస్, పురుగు నుంచి పిచికారీకి ప్లస్. మైనస్‌లు రెండయ్యాయి, అంటే కొట్టిన మందే మళ్ళీ మందు కొట్టాల్సిన అవసరాన్ని పెంచుతోంది. మొదటి లూప్ ఒకటి రెండు రోజుల్లో పనిచేస్తే ఇది వారాల తరబడి నెమ్మదిగా పనిచేస్తుంది. అందుకే చాలామందికి కనిపించదు.

ఇటలీ గణిత శాస్త్రజ్ఞుడు వీటో వోల్టెరా 1926లోనే ఈ విషయాన్ని సమీకరణాలతో చూపించారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఏడ్రియాటిక్ సముద్రంలో వేట తగ్గినప్పుడు, ఇతర చేపలను తిని బతికే చేపల వాటా పెరిగిందన్న లెక్కలను ఆయన పరిశీలించారు. తినేదాన్నీ తినబడేదాన్నీ ఒకే తీరున చంపుతూ పోతే, చివరికి సగటున లాభపడేది తినబడేదేనని ఆయన తేల్చారు. మన చేనులో తినబడేది పేనుబంక.

ఇక మిర్చి అమ్మే మార్కెట్ యార్డుకు వద్దాం. ధర పెరిగితే సాగు పెరుగుతుంది, సాగు పెరిగితే యార్డుకు వచ్చే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పెరుగుతాయి, టిక్కీలు పెరిగితే ధర తగ్గుతుంది. ఒకే మైనస్ ఉంది కాబట్టి ధర నిలకడగా ఉండాలి, కానీ ఉండదు. వేసవిలో యార్డులో పలికిన ధర చూసి వానాకాలంలో నారు పోసిన రైతు, ఆ కాయను కోసి, కల్లంలో ఆరబెట్టి, తాలు ఏరి యార్డుకు తెచ్చేసరికి మరుసటి ఏడాది వస్తుంది. ఈలోగా పొరుగు రైతులందరూ అదే ధర చూసి అదే నిర్ణయం తీసుకుని ఉంటారు. 2021-22లో నల్ల తామర పురుగు పంటను దెబ్బతీసింది. ఆ తర్వాత తేజ రకం క్వింటా 20,000 రూపాయలు దాటడమూ, ధర పడిపోయి 2025 ఫిబ్రవరి నాటికి కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల ధరతో మార్కెట్ జోక్యానికి దిగాల్సి రావడమూ మనం చూశాం. దీన్ని రైతు అత్యాశ అనడం అన్యాయం. మార్పును అదుపు చేసే లూపులో ఇంత ఆలస్యం ఉంటే అది ఇలా ఊగే అవకాశం ఎక్కువ. సాగు నుంచి టిక్కీలకు వెళ్ళే బాణం మీద అడ్డంగా రెండు చిన్న గీతలు గీయండి. అవి ఆలస్యానికి గుర్తు.

ఒక పెట్టె మిగిలింది: కోల్డ్ స్టోరేజీ నిల్వ. అమ్ముడుపోని టిక్కీలు అందులో చేరి, కొత్త పంటతో పాటే మార్కెట్లోకి వచ్చి ధరను ఇంకా కిందికి లాగుతాయి. కాబట్టి నారు పోసే ముందు నిన్నటి ధర కంటే ఈ పెట్టెలో ఎంత సరుకు ఉందో, పక్క మండలాల్లో విత్తనం ఎంత అమ్ముడైందో తెలుసుకోవడం మేలని నా గట్టి అభిప్రాయం.