పేర్ల జాబితాయే కాలిపోతే? క్వింటిన్స్‌హిల్ రైలు ప్రమాదంలో చనిపోయిన సైనికుణ్ని వెతకడం

[స్క్రీన్ మీద: స్కాట్లాండ్, ఇంగ్లాండ్ సరిహద్దు మ్యాప్. గ్రెట్నా దగ్గర ఎర్ర చుక్క]

1915 మే 22, శనివారం. పొద్దున్న ఏడు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. స్కాట్లాండ్‌లోని లార్బర్ట్ నుంచి లివర్‌పూల్ రేవుకు సైనికుల రైలు ఒకటి వేగంగా వస్తోంది. అందులో రాయల్ స్కాట్స్ రెజిమెంట్ 7వ బెటాలియన్ వాళ్లు సుమారు 500 మంది ఉన్నారు. ఎక్కువమందిది ఎడిన్‌బరోను ఆనుకుని ఉన్న లీత్. వాళ్లు వెళ్తున్నది టర్కీలోని గల్లిపోలి యుద్ధానికి.

గ్రెట్నా దగ్గర క్వింటిన్స్‌హిల్ అనే చోట, అదే పట్టాల మీద ఆగి ఉన్న లోకల్ ప్యాసింజర్‌ని ఈ రైలు గుద్దేసింది. నుజ్జయిన పెట్టెలు పక్క లైను మీద కూడా పడ్డాయి. కాసేపటికే లండన్ నుంచి గ్లాస్గో వెళ్లే ఎక్స్‌ప్రెస్ వచ్చి వాటిలోకి దూసుకుపోయింది. సైనికుల రైలువి పాత చెక్క పెట్టెలు. దీపాలు గ్యాస్‌వి. ఇంజిన్ల నిప్పుకి గ్యాస్ తోడై లేచిన మంటలు మర్నాటిదాకా ఆరలేదు. బ్రిటన్ రైల్వే చరిత్రలో ఇంతమందిని పొట్టన పెట్టుకున్న ప్రమాదం మరొకటి లేదు.

మృతుల సంఖ్య 226 అని రాస్తారు, కొన్నిచోట్ల 227 అని ఉంటుంది. తేడా ఎందుకంటే, రైల్లో ఎవరెవరు ఉన్నారో చెప్పే బెటాలియన్ జాబితా కూడా ఆ మంటల్లోనే కాలిపోయింది. చనిపోయిన సైనికుల్లో 83 మందిని గుర్తుపట్టగలిగారు. 82 శవాలు దొరికినా ఎవరివో చెప్పలేకపోయారు. 50 మంది ఆనవాలే దొరకలేదు.

ఇప్పుడు మీకు తెలిసినవాళ్లలో ఎవరి ముత్తాతో ఆ రైల్లో చనిపోయాడనుకోండి. మీ పిల్లల క్లాస్‌మేట్ ఇంట్లోనో, మీ ఆఫీసులోనో, బ్రిటన్‌లో ఉండే తెలుగువాళ్లకి ఇలాంటి కుటుంబాలు తగలడం వింతేమీ కాదు. ఎక్కడ మొదలుపెట్టాలి? నేనైతే ఆర్మీ కాగితాలతో మొదలుపెట్టను. యుద్ధభూమికి చేరకుండానే చనిపోయినవాడి గురించి ఆర్మీ కంటే ఇంటి తాలూకు కాగితాలే ఎక్కువ చెప్తాయి.

[స్క్రీన్ మీద: సిగ్నల్ క్యాబిన్ లోపలి బొమ్మ, వరసగా లీవర్లు]

అంతకుముందు అసలు ఏం జరిగిందో కాస్త వివరంగా చూద్దాం. సిగ్నల్ క్యాబిన్‌లో రాత్రి డ్యూటీ మీకిన్‌ది, పగటి డ్యూటీ టిన్స్‌లీది. ఆరింటికి డ్యూటీ మారాలి. కానీ టిన్స్‌లీ ఆ లోకల్ రైలెక్కి ఆరున్నరకి వచ్చేలా ఇద్దరూ ఒక ఒప్పందం చేసుకున్నారు. ఆరు దాటాక వచ్చిన రైళ్ల వివరాలు మీకిన్ రిజిస్టర్లో కాకుండా విడి కాగితం మీద రాసేవాడు. టిన్స్‌లీ వచ్చి తన చేతిరాతతో వాటిని రిజిస్టర్లోకి ఎక్కించేవాడు. ఆలస్యం బయటపడకుండా ఉండటానికి.

ఆరోజు రైళ్లని పక్కన ఆపే రెండు లూప్ లైన్లలోనూ గూడ్సు బళ్లు ఉన్నాయి. వెనక వచ్చే ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వడానికి లోకల్‌ని ఎదుటి మెయిన్ లైనులోకి మళ్లించి నిలబెట్టారు. ఆ లోకల్ ఫైర్‌మన్, అంటే ఇంజిన్లో బొగ్గు వేసేవాడు, రూలు ప్రకారం, తమ రైలు అక్కడ ఉందని గుర్తుచేయడానికి క్యాబిన్‌కి వచ్చి రిజిస్టర్లో సంతకం కూడా పెట్టాడు. లైను ఖాళీగా లేదని గుర్తుండటానికి లీవర్‌కి ఒక రింగు తగిలించాలి. ఎవరూ తగిలించలేదు. టిన్స్‌లీ పాత వివరాలు ఎక్కించే పనిలో పడి, తను దిగి వచ్చిన రైలునే మర్చిపోయాడు. సైనికుల రైలుకి సిగ్నల్ ఇచ్చేశాడు. తర్వాత కోర్టు ఇద్దరికీ జైలుశిక్ష వేసింది. టిన్స్‌లీకి మూడేళ్లు, మీకిన్‌కి ఏడాదిన్నర.

ఇదంతా బోర్డ్ ఆఫ్ ట్రేడ్ అనే ప్రభుత్వ శాఖ తరఫున లెఫ్టినెంట్ కర్నల్ డ్రూయిట్ జరిపిన విచారణలో ఉంది. ఆ నివేదికను రైల్వేస్ ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చదవొచ్చు, తప్పకుండా చదవండి కూడా. కానీ అది చెప్పేది ప్రమాదం ఎందుకు జరిగిందనే. మీరు వెతికే మనిషి కోసం వేరేచోట చూడాలి.

[స్క్రీన్ మీద: రెండు రంగుల మ్యాప్, స్కాట్లాండ్ ఒక రంగు, ఇంగ్లాండ్ ఇంకో రంగు]

అడగాల్సిన మొదటి ప్రశ్న: ఆయన సరిహద్దుకి ఏ పక్కన కన్నుమూశాడు? ప్రమాదం జరిగింది స్కాట్లాండ్‌లో. గాయపడినవాళ్లలో చాలామందిని సరిహద్దు దాటించి ఇంగ్లాండ్‌లోని కార్లైల్‌కి తీసుకెళ్లారు. అక్కడ చనిపోయినవాళ్ల మరణం ఇంగ్లాండ్ రిజిస్టర్లో ఉంటుంది. ఒకచోట దొరకలేదని వదిలేయకండి, రెండో దేశంలో కూడా చూడండి.

స్కాట్లాండ్ రిజిస్టర్లో దొరికితే మీ అదృష్టం. స్కాట్లాండ్స్ పీపుల్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అసలు పేజీ ఫొటోనే కనిపిస్తుంది. పేరు, వయసు, వృత్తి, పెళ్లయిందా లేదా, తండ్రి పేరు, ఆయన పని, తల్లి పేరు, ఆవిడ పుట్టింటి ఇంటిపేరుతో సహా. ఆ చివరిదే బంగారం. ఒకే పేరున్న ఇద్దరు ముగ్గురు సైనికులున్నప్పుడు మనవాడెవరో తేల్చేది అదే. ఇంగ్లాండ్ సర్టిఫికెట్లో పెద్దవాళ్లకి తల్లిదండ్రుల వివరాలు రాయరు. ఆ లోటు 1911 జనాభా లెక్కలతో పూడ్చుకోవాలి. స్కాట్లాండ్స్ పీపుల్‌లోనే 1915 నాటి ఇళ్ల వాల్యుయేషన్ రోల్స్ ఉన్నాయి. లీత్‌లో ఆ ఇంట్లో ఎవరు అద్దెకుండేవారో అందులో తెలుస్తుంది. సైనికులు రాసిన వీలునామాలు కూడా అక్కడే ఉన్నాయి. ఆయన రాసి ఉంటే ఒక్క చిన్న కాగితమే అయ్యుండొచ్చు. నాదంతా అమ్మకి అని రాసిన కుర్రాడి వీలునామా చదువుతుంటే గొంతు పట్టేస్తుంది.

ఇక ఆర్మీ కాగితాలు. మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసిన మామూలు సైనికుల సర్వీసు ఫైళ్లు సగానికి పైగా 1940 సెప్టెంబర్‌లో లండన్ మీద పడ్డ బాంబులకు కాలిపోయాయి. సైనికుడికి వచ్చిన పతకాలు నమోదు చేసిన మెడల్ కార్డు కోసం వెతికినా, దేశం దాటకుండానే చనిపోయినవాళ్లకి మామూలుగా ఆ కార్డు ఉండదు. అది లేనంత మాత్రాన ఆయన సైనికుడు కాదనుకోకండి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు.

దానికి బదులు సోల్జర్స్ ఎఫెక్ట్స్ రిజిస్టర్ చూడండి. చనిపోయిన సైనికుడికి రావాల్సిన బాకీ జీతం ఎవరికి ఎంత ముట్టిందో అందులో ఉంటుంది. భార్య, తల్లి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ఎవరికి ఇస్తే వాళ్ల పేరుతో. వెస్టర్న్ ఫ్రంట్ అసోసియేషన్ అనే సంస్థ పారేయకుండా కాపాడిన పెన్షన్ కార్డుల్లో పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు కూడా దొరుకుతాయి.

సమాధి సంగతికొస్తే, ఎడిన్‌బరోలోని రోజ్‌బ్యాంక్ శ్మశానంలో చాలామందిని ఒకేచోట ఖననం చేశారు. అక్కడ పేర్లు చెక్కిన స్మారకం ఉంది. కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరుతో వెతకొచ్చు. యుద్ధంలోనా ప్రమాదంలోనా అన్న తేడా లేకుండా, ఆ కాలంలో సర్వీసులో ఉండి చనిపోయినవాళ్లని ఆ కమిషన్ లెక్కలోకి తీసుకుంటుంది. పేపర్లలో అయితే ద స్కాట్స్‌మన్ పత్రిక పాత సంచికలు చూడండి. మొదటి రోజుల జాబితాల్లో పేర్ల స్పెల్లింగులు తప్పుగా పడటం మామూలే. గాయపడ్డాడని వేసినవాడు తర్వాత చనిపోయి ఉండొచ్చు. కనీసం రెండు వారాల సంచికలు వరసగా చదవండి.

[స్క్రీన్ మీద: వెబ్‌సైట్ సెర్చ్ పేజీ, పేరు టైప్ చేస్తున్న దృశ్యం]

చివరగా, ఇది మనవాళ్లకీ పనికొచ్చే విషయం. బ్రిటిష్ ఇండియా సైన్యంలో చేరి ప్రపంచయుద్ధాల కాలంలో చనిపోయిన తెలుగు సైనికుల పేర్లు కూడా అదే కమిషన్ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. కొందరికి తండ్రి పేరు, ఊరు కూడా రాసి ఉంటాయి. మీ తాతగారి అన్నదమ్ములెవరైనా మిలటరీకి వెళ్లి తిరిగి రాలేదని ఇంట్లో చెప్పుకుంటుంటే, ముందు ఇంటిపేరు లేకుండా వెతకండి. తర్వాత ఊరు లేదా జిల్లా పాత పేరుతో ప్రయత్నించండి. ఆ రోజుల్లో విశాఖపట్నాన్ని వైజాగపటం అనీ, కాకినాడని కోకనాడ అనీ, విజయవాడని బెజవాడ అనీ రాసేవారు. అలా దొరికిన పేరుని, తండ్రి పేరు సరిపోయేదాకా, మీ ఇంటిదని రాసుకోకండి.