పాత ల్యాప్‌టాప్ డిస్కుకు ఎన్‌క్లోజర్ కొనాలా? ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: తిరుపతి స్టూడియో నుంచి నమస్కారం. లైన్లో ఎవరండీ?

కాలర్: నమస్తే మేడం. చంద్రగిరి నుంచి. పెళ్ళిళ్ళకు ఫొటోలు, వీడియోలు తీస్తుంటాను. సార్‌తో మాట్లాడాలి.

నిపుణుడు: చెప్పండన్నా.

కాలర్: పాత ల్యాప్‌టాప్ ఒకటి మూలన పడుంది సార్. దాంట్లో 500 జీబీ హార్డ్ డిస్క్ ఉంది. ఎన్‌క్లోజర్ అని, డిస్కును లోపల పెట్టి యూఎస్‌బీ వైరుతో కంప్యూటర్‌కు కలిపే డబ్బా ఉంటుందట, అది కొని అందులో పెట్టుకుంటే చాలంటున్నాడు మా తమ్ముడు. నేనేమో తిరుచానూరు, శ్రీనివాసమంగాపురం అని బండి మీదే తిరుగుతుంటాను. అది చాలా, కొత్తది కొనాలా?

నిపుణుడు: డిస్క్ ఎన్నేళ్ళది?

కాలర్: ఏడేళ్ళు దాటింది.

నిపుణుడు: ముందు దాని ఆరోగ్యం చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచితంగా దొరికే ప్రోగ్రామ్ ఉంది. పసుపు రంగులో 'కాషన్' అని చూపించినా, డిస్క్ టక్ టక్ మన్నా పెళ్ళి ఫైళ్ళు దాంట్లో పెట్టొద్దు. పెళ్ళి మళ్ళీ తీయలేం కదన్నా. బాగుందనే చూపించినా ఏడేళ్ళ డిస్కును రెండో కాపీకి వాడండి, ఒక్కదాన్నే నమ్ముకోకండి.

కాలర్: మరి ఎన్‌క్లోజర్ వద్దా?

నిపుణుడు: కొనండి, అది వృథా కాదు. 2.5 అంగుళాల సాటా ఎన్‌క్లోజర్ తీసుకోండి, సాటా అంటే డిస్కును కలిపే కనెక్టర్ రకం. రేపు సాటా ఎస్‌ఎస్‌డీ, అంటే చిప్పుల్లో ఫైళ్ళు దాచే డిస్క్, కొన్నా అందులోనే పడుతుంది. పాత డిస్కులు కొన్ని 9.5 మిల్లీమీటర్ల మందం ఉంటాయి. 7 మిల్లీమీటర్ల డిస్కుకని చేసిన డబ్బాలో అవి పట్టవు, కొలిచి తీసుకెళ్ళండి. యూఎస్‌బీ 3.0 అని రాసి ఉండాలి. ధర తక్కువని 2.0 ది తెస్తే సెకనుకు 30, 40 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది. మీ దగ్గర 64 జీబీ ఫుటేజీ ఉందనుకుంటే దానికి అరగంట పడుతుంది. 3.0 అయితే అదే డిస్క్ సెకనుకు 100 ఎంబీ దాకా రాస్తుంది, పది పన్నెండు నిమిషాల్లో పని అయిపోతుంది.

యాంకర్: సార్, చిత్తూరు నుంచి ఒకమ్మ మెసేజ్ పెట్టారు. వాళ్ళ పాత కంప్యూటర్లోది పెద్ద డిస్కట.

నిపుణుడు: అది 3.5 అంగుళాలదమ్మా. దానికి 12 వోల్టుల కరెంటు కావాలి, యూఎస్‌బీ వైరు ఒక్కటే చాలదు. అడాప్టర్‌తో వచ్చే ఎన్‌క్లోజర్ కొనాలి. ఇంట్లో టేబుల్ మీద పెట్టుకోవడానికి బాగుంటుంది, మోసుకు తిరగడానికి కాదు.

కాలర్: సార్, నాకు బండి మీద కుదుపుల సంగతే భయం.

నిపుణుడు: సరైన భయమే. హార్డ్ డిస్కులో పళ్ళేలు తిరుగుతుంటాయి. చదివే ముల్లు వాటిని తాకకుండా వెంట్రుకవాసి కన్నా తక్కువ ఎత్తులో ఉంటుంది. తిరుగుతున్నప్పుడు కింద పడితే గీత పడుతుంది. అందుకే 'ఎజెక్ట్' కొట్టి, చప్పుడు పూర్తిగా ఆగాకే వైరు తీయండి. రోజూ బ్యాగులో వేసుకు తిరిగేది మాత్రం ఎస్‌ఎస్‌డీ అయితే మంచిది, అందులో తిరిగే భాగమే లేదు.

కాలర్: ఎస్‌ఎస్‌డీ అంటే గుర్తొచ్చింది. ఆన్‌లైన్లో 16 టీబీది రెండు వేలకే చూశాను...

నిపుణుడు: వద్దన్నా, దయచేసి కొనకండి. ఆ ధరకు 16 టీబీ రాదు. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి, కంప్యూటర్‌కు 16 టీబీ అని అబద్ధం చెప్పిస్తారు. ఉన్న కాస్త చోటూ నిండాక కొత్త ఫైళ్ళు పాతవాటి మీదే రాసుకుంటూ పోతుంది. కాపీ అయినట్టే కనిపిస్తుంది, తెరిస్తే ఏమీ ఉండదు. ఏ డిస్క్ కొన్నా మొదటి రోజే హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్‌తో నిండా రాసి చూడండి. రాత్రంతా పట్టినా సరే.

కాలర్: ఆల్బమ్ డిజైన్ చేసే అన్న దగ్గర మ్యాక్ ఉంది సార్. నా డిస్కులో ఆయన ఏమీ సేవ్ చేయలేకపోతున్నాడు.

నిపుణుడు: అది ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే విండోస్ ఫార్మాట్ అయ్యుంటుంది. మ్యాక్ దాన్ని చదువుతుంది, రాయదు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేస్తే విండోస్, మ్యాక్ రెండింట్లోనూ పనిచేస్తుంది. ఫార్మాట్ చేస్తే ఉన్నవన్నీ పోతాయి, ముందే వేరేచోటికి కాపీ చేసుకోండి. ఫ్యాట్32 మాత్రం వద్దు. 4 జీబీ దాటిన వీడియో ఫైలును అది తీసుకోదు.

కాలర్: అయితే ఎస్‌ఎస్‌డీ బ్యాగులో, పాత డిస్క్ ఇంట్లో.

నిపుణుడు: అంతే. రెండూ ఒకే బ్యాగులో పెట్టకండి. బ్యాగు పోతే రెండు కాపీలూ పోతాయి. మళ్ళీ ముహూర్తం ఎప్పుడన్నా?

కాలర్: రేపు తెల్లవారుజామునే సార్, తిరుచానూరులో. మొన్నటి పెళ్ళి ఫుటేజీ కెమెరా మెమరీ కార్డులోనే ఉంది, ల్యాప్‌టాప్‌లో ఒక కాపీ ఉంది కదా అని ఇప్పుడే ఫార్మాట్ చేద్దామనుకున్నా.

నిపుణుడు: ఆ కార్డు ముట్టుకోకండన్నా. రేపటికి వేరే కార్డు పెట్టుకోండి.