నిద్రమాత్ర ఒక్కసారిగా ఆపితే ఏమవుతుంది? సోమశిల గేట్ల లెక్క

"మాత్ర మానేశా, మూడు రాత్రులు కన్ను మూతపడలేదు. అంటే జబ్బు ఇంకా ఉన్నట్టే కదా?" ఈ ప్రశ్న వినీ వినీ విసుగొచ్చి ఈ వీడియో చేస్తున్నా.

కావలిలో మా పెద్దమ్మకు పదిహేను రోజులకని రాసిన నిద్రమాత్ర ఆల్ప్రజోలం. నాలుగేళ్లు వేసుకుంది. కార్తీకమాసంలో ఓ సోమవారం "ఇంక చాల్లే" అని డబ్బా అవతల పారేసింది. చేతుల వణుకు, చెమటలు, గుండెదడ. పక్కింట్లో గిన్నె పడినా ఉలికిపాటే. ఇంట్లోవాళ్లేమో "మనసు గట్టి చేసుకో" అన్నారు. నాకు ఒళ్లు మండింది అక్కడే.

ఇది మనసు సంగతి కాదు, నీళ్ల సంగతి. మెదడును పెన్న మీదున్న సోమశిల డ్యాం అనుకోండి. హుషారు పుట్టించే సంకేతాలు పైనుంచి వచ్చే వరద. దాన్ని అదుపులో పెట్టే గేటు గాబా అనే రసాయనం. ఆల్ప్రజోలం, క్లోనాజెపాం, డయాజెపాం అన్నీ ఆ గేటును ఇంకాస్త బిగించేవే. మొదట్లో హాయిగానే ఉంటుంది. కానీ మెదడు ఊరుకుంటుందా? గాబా మాట వినడం తగ్గిస్తుంది, వరద పెంచుకుంటుంది. కొన్ని వారాల్లోనే ఇది మొదలవుతుంది. డాక్టర్ చెప్పినట్టే వేసుకున్నా సరే మొదలవుతుంది, అందుకే దీన్ని వ్యసనం అనొద్దు. నాలుగేళ్లయ్యేసరికి గేటు వెనక నీళ్లు అంచుదాకా వచ్చేశాయి. పైకి మాత్రం అంతా ప్రశాంతం.

ఇప్పుడు గేట్లన్నీ ఒక్కసారే ఎత్తండి. 2021 నవంబరులో పెన్న పడుగుపాడు దగ్గర రైలు కట్టను ఏం చేసిందో మనం కళ్లారా చూశాం. ఒంట్లో వరదొస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు.

"అయితే రోజు విడిచి రోజు వేసుకుంటా" అంటారు. అదింకా తమాషా! ఆల్ప్రజోలం పదకొండు గంటల్లో సుమారు సగానికి తగ్గిపోతుంది. ఓ రోజు గేట్లెత్తి, మర్నాడు దించితే కింద ఊళ్లవాళ్ల గతేంటి?

మరి ఎలా? టైం అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. రాసిన డాక్టర్ దగ్గరికో, సైకియాట్రిస్ట్ దగ్గరికో వెళ్లాలి. రెండు నుంచి నాలుగు వారాలకోసారి, ఉన్న డోసులో ఐదు నుంచి పది శాతం తగ్గించడంతో మొదలుపెడతారు. నీళ్లు పొంగినట్టనిపిస్తే అక్కడే ఆగుతారు. కొందరిని నెమ్మదిగా దిగే డయాజెపాంకు మారుస్తారు. నెలలు పట్టొచ్చు. మాత్ర మీద ఉండగా మద్యం ముట్టొద్దు, ఊపిరే ఆగిపోవచ్చు. పెద్దవాళ్లు రాత్రి లేచేటప్పుడు జాగ్రత్త, తూలి పడితే తుంటి ఎముక విరగొచ్చు. అన్నట్టు, ఆల్ప్రజోలం, డయాజెపాం షెడ్యూల్ హెచ్-వన్ మందులు, షాపువాళ్లు చీటీ చూసి రిజిస్టర్‌లో రాయాలి. పాత చీటీకే ఏళ్ల తరబడి ఇచ్చేవాళ్లను ఏమనాలో మీరే చెప్పండి. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్, 14416.

పెద్దమ్మ ఇప్పుడు అరమాత్ర దగ్గరుంది. నిన్న ఫోన్ చేస్తే, "ఈ నెల గేటు కదపొద్దన్నారు నాయనా" అంది.