అచ్చుకు పట్టింది పన్నెండు రోజులే

శ్రోతలకు నమస్కారం.

"మీ నవల మేం వేస్తాం సార్" అని ప్రచురణకర్త ఫోన్ చేస్తారు. ఆ ఫోనుకూ, పుస్తకం చేతికి రావడానికీ మధ్య ఎన్నాళ్లు పడుతుంది? ఇంగ్లీషులో పెద్ద పెద్ద సంస్థలకే ఏడాది, ఏడాదిన్నర మామూలు. మన తెలుగులో చిన్న ప్రచురణ సంస్థ అంటే చాలాసార్లు ఒక్క మనిషి. పగలు ఉద్యోగం, రాత్రి పుస్తకాలు. చదివేదీ ఆయనే, కాగితం కొనేదీ ఆయనే, పార్శిళ్లు కట్టేదీ ఆయనే. ఆలస్యం కాకుండా ఎట్లా ఉంటుంది? అయితే ఆ ఆలస్యం ఎక్కడ జరుగుతుందో నాకూ ఈ మధ్యే తెలిసింది.

తిరుపతిలో నాకు తెలిసిన ఒక అయ్యవారున్నారు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. వాళ్ల అవ్వ మీద నవల రాశారు. 2023 ఫిబ్రవరిలో ప్రచురణకర్త ఫోన్ చేసి వేస్తామన్నారు. ఆ సంతోషంలో ఆయన, పొద్దున యూనివర్సిటీ గ్రౌండుకు వాకింగుకొచ్చే వాళ్లందరికీ చెప్పేశారు. నెల తిరక్కముందే మొదలైంది. "పుస్తకం ఎంతవరకొచ్చింది సార్?" రోజూ అదే మాట. చివరికి ఆయన వాకింగ్ సాయంత్రానికి మార్చుకున్నారు.

మొదటి ఏడు నెలలు ఆ ఫైలు తెరిచినవాళ్లే లేరు. వరసలో ముందు ఇంకో నాలుగు పుస్తకాలున్నాయి మరి. తర్వాత డీటీపీకి, అంటే కంప్యూటర్లో పేజీలు కట్టే పనికి, పోయింది. అయ్యవారు టైపు చేసింది యూనికోడులో, డీటీపీలో పేజీలు కట్టింది 'అను' అనే ఫాంట్లలో. రెండూ అక్షరాలను వేర్వేరుగా దాచుకునే పద్ధతులు. మార్చేటప్పుడు కొన్ని ఒత్తులు రాలిపోయాయి. అవ్వకు వ ఒత్తు పోయింది. నవలంతా 'అవ', 'అవ', 'అవ'! డీటీపీ కుర్రాడు చురుకైనవాడు. ఒక్కొక్కటీ ఏం దిద్దుతాంలే అని, 'అవ' ఉన్నచోటల్లా 'అవ్వ' పెట్టమని కంప్యూటరుకు చెప్పేశాడు. అవ్వ తిరిగొచ్చింది. వచ్చి ఊరుకుందా? అవసరం కాస్తా అవ్వసరమైంది. అవకాశం అవ్వకాశమైంది. అవమానం, పాపం, అవ్వమానమైంది.

మొదటి ప్రూఫులో అయ్యవారు అవన్నీ దిద్ది పంపారు. రెండో ప్రూఫు వచ్చింది. ఇక్కడుంది అసలు కథ. ప్రూఫంటే అచ్చుకు ముందు రచయిత తప్పులు చూసి పంపడానికి ఇచ్చే పేజీలు. మా అయ్యవారు చూడ్డం మానేసి మళ్లీ రాయడం మొదలుపెట్టారు. రాసేవాళ్లకు ఈ జబ్బు ఉంటుంది, నాకూ ఉంది. ఒక చిన్న అధ్యాయం కొత్తగా చేర్చారు. నవల అంతకుముందు సరిగ్గా 208 పేజీలు. ఒకే పెద్ద కాగితం మీద కలిపి అచ్చు వేసే పేజీల కట్టను ఫారం అంటారు. ఫారానికి 16 పేజీల లెక్కన 13 ఫారాలు. ఇప్పుడు 211 అయింది. "మూడు పేజీల కోసం ఇంకో ఫారమా సార్?" అన్నారు ప్రచురణకర్త. మళ్లీ కోత, మళ్లీ పేజీలు కట్టడం, మళ్లీ ప్రూఫు.

ఆ తర్వాత కవరుకు ఒక నెల. అచ్చుకూ బైండింగుకూ కలిపి 12 రోజులు. అవునండీ, 12 రోజులే! విజయవాడ పుస్తక మహోత్సవంలో పెడదామని ఇంకొన్నాళ్లు ఆపి, 2025 జనవరిలో బయటికి తెచ్చారు. 23 నెలలు. మొన్న ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. అందులో ఆరు నెలలు ప్రూఫు కాగితాలు ఎక్కడున్నాయనుకున్నారు? అయ్యవారి టేబుల్ మీదే! ఆ ఆరు నెలలూ ఆయన ప్రచురణకర్తనే తిట్టుకుంటూ ఉన్నారు.

అందుకని, నవల ఒప్పుకున్నారని ఫోన్ వచ్చినవాళ్లకు ఒక్క మాట. "పుస్తకం ఎప్పుడొస్తుంది?" అని అడక్కండి. దానికి "వచ్చేస్తుంది సార్" అన్న జవాబే వస్తుంది. "నాకు ప్రూఫు ఏ నెలలో పంపుతారు?" అని అడగండి. ఆ నెల పేరు మెసేజ్‌లోనో ఉత్తరంలోనో రాయించుకోండి. ప్రూఫు వచ్చాక రెండు వారాల్లో పంపేయండి. మీ కంటికి మీ తప్పులు కనపడవు కాబట్టి, నవల ఇంతకుముందు చదవని ఒకరి చేత కూడా చదివించండి. కొత్త అధ్యాయం తోస్తే, దాన్ని ఇంకో నోట్‌బుక్కులో రాసి పెట్టుకోండి.

అయ్యవారు నాకొక కాపీ ఇచ్చారు. ఇచ్చేముందు జేబులోంచి పెన్ను తీసి, 87వ పేజీ తిప్పి, ఒక ఒత్తు కొట్టేశారు. అక్కడ ఒక అవ్వకాశం అట్లాగే ఉండిపోయింది.

నమస్కారం.